పీఎఫ్ ఫారం నింపే ముందు తేదీ చూడండి

అందరికీ నమస్కారం.

పైడిభీమవరం మందుల కంపెనీల్లో షిఫ్టు దిగి నేరుగా ఇక్కడికే వచ్చినవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. అలసిపోయి ఉంటారు, అసలు విషయానికి వచ్చేస్తాను. పీఎఫ్ ఎంత తీస్తున్నాం అన్నదానికన్నా ఎప్పుడు తీస్తున్నాం అన్నదాన్ని బట్టే పన్ను పడుతుంది.

మన శ్రీకాకుళం కుర్రాళ్లు ఒక కంపెనీలో మూడేళ్లు చేస్తారు, పక్క కంపెనీవాళ్లు రెండు వేలు ఎక్కువిస్తామంటే మారిపోతారు. మారడం తప్పు కాదు. మారిన ప్రతిసారీ పాత పీఎఫ్ ఊడ్చేసుకోవడం చూస్తేనే నాకు బాధ. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే కంపెనీ వాటా, దాని మీది వడ్డీ జీతంతో సమానంగా పన్ను లెక్కలోకి వస్తాయి. తీసేది 50,000 లేదా అంతకు మించితే చేతికి రాకముందే 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసుకునే పన్ను, పట్టేస్తారు. 1,80,000 తీసినవారికి 1,62,000 వస్తుంది. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. ఏడాది మొత్తం ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్ను వేసి ఆ కోతను వెనక్కి తెచ్చుకోండి, వదిలేయకండి.

అదే డబ్బు కొత్త కంపెనీ ఖాతాలోకి బదిలీ చేయించుకుంటే పాత మూడేళ్లు, కొత్త రెండేళ్లు కలిసి ఐదవుతాయి. యూఏఎన్, అంటే కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబరు, ఒక్కటే కదా, అదే కలిసిపోతుందిలే అనుకోవద్దు. ఫోన్‌లో పీఎఫ్ సైటుకెళ్లి సర్వీస్ హిస్టరీ తెరవండి. ఒక్కో కంపెనీకి చేరిన తేదీ, మానేసిన తేదీ కనిపిస్తాయి. పాత కంపెనీ మానేసిన తేదీ ఎక్కించకపోతే బదిలీ కదలదు. ముందు ఆ హెచ్ఆర్ వెంట పడండి.

నాలుగేళ్ల పది నెలలకు రాజీనామా ఇచ్చి, రెండు నెలలు ఇంట్లో కూర్చుని అప్పుడు తీస్తామంటే కుదరదు. లెక్కకొచ్చేది పనిచేసిన కాలమే. ఓపిక పట్టాల్సింది రాజీనామాకు ముందు. పీఎఫ్‌తో పాటు జమయ్యే పింఛను సొమ్ము కూడా తీసేస్తే, పింఛనుకు కావలసిన పదేళ్ల సర్వీసు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవాలి.

మిల్లు మూతపడి పని పోయినవాళ్లకు, ఆరోగ్యం పాడై మానేసినవాళ్లకు మాత్రం ఈ ఐదేళ్ల నిబంధన అడ్డు రాదు. విజయనగరం వైపు జనపనార మిల్లుల్లో చేసిన బంధువులుంటే ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఇక రిటైరవుతున్న పెద్దలకు. ఐదేళ్లు నిండిన మీ పీఎఫ్‌కు పన్ను లేదు. కానీ ఉద్యోగం అయిపోయాక ఖాతాలోనే ఉంచితే, అప్పటినుంచి వచ్చే వడ్డీకి పన్ను ఉంటుంది. ఇక షేర్లలో డబ్బు పెట్టే ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లు కొని ఏడాది దాటి, లాభం ఉంటే ఒకేసారి అమ్మకండి. ఏటా 1,25,000 లాభం వరకు పన్ను లేదు. పన్ను ఏడాది మార్చితో ముగుస్తుంది కాబట్టి మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత అమ్మితే రెండేళ్ల మినహాయింపూ అందుతుంది.

పాస్‌బుక్కులు ఫోన్లలో తెరిచి ఉంచండి. ఒక్కొక్కరి తేదీలు కలిసి చూద్దాం.