మూసీకి కాస్త చోటిద్దాం

అందరికీ నమస్కారం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి వెనక అఫ్జల్ పార్కులో ఉన్న చింతచెట్టెక్కి నూటయాభై మందికి పైగా బతికిపోయారు. ఆ చెట్టు ఇంకా ఉంది. వీలైతే ఒకసారి వెళ్లి చూడండి. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. కానీ ఆ జలాశయాలు ఎగువ నీటినే ఆపగలవు. నగరం నెత్తిన కురిసిన వానను ఆపలేవని 2020 అక్టోబరులో కళ్లారా చూశాం. ఆ నీళ్లు పల్లానికే పోతాయి. పల్లంలో మనం షెడ్లు, గోడౌన్లు కట్టుకున్నాం.

షాంఘైలో హువాంగ్‌పు నది ఒడ్డున ఇలాంటి చోటే ఒకటుండేది. ఉక్కు కర్మాగారం, ఓడల యార్డు నడిచిన 14 హెక్టార్ల నేల. చైనా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ కోంగ్జియాన్ యూ బృందం దాన్ని 2010 నాటికి హౌతాన్ పార్కుగా మార్చింది. కాంక్రీటు గోడ తీసేసి రాళ్లతో వాలు గట్టు వేశారు. నది నీటిని మెట్లు మెట్లుగా, జమ్ము, రెల్లు పెరిగే మడుల గుండా పారించారు. రోజుకు 24 లక్షల లీటర్లు శుభ్రమయ్యేలా కట్టారు. వరదొస్తే ఆ మడులు మునుగుతాయి. మునగడమే వాటి పని.

మూసీ ఒడ్డున పాత షెడ్లున్న చోట మనమూ ఇలాంటి పార్కు చేయొచ్చని గట్టిగా నమ్ముతున్నాను. అయితే జమ్ము నాటేసి చేతులు దులుపుకుంటే కుదరదు. మురుగులోని కుళ్లును వేళ్ల దగ్గరి సూక్ష్మజీవులు తినేస్తాయి, నిజమే. సీసం, క్రోమియం లాంటి లోహాలను మాత్రం ఏ జీవీ అరిగించుకోలేదు. అవి బురదలో, వేళ్లలో, కొంత ఆకుల్లో ఉండిపోతాయి. అందుకే ఫ్యాక్టరీల నీళ్లను మడుల్లోకి రానివ్వకుండా ముందే వేరు చేయాలి. పాత షెడ్ల కింది మట్టిని పరీక్షించాలి, విషముంటే తవ్వి తీయాలి. ఖర్చవుతుంది, అయినా తప్పదు. అక్కడ పనిచేసే కూలీలకు, పక్క బస్తీ వాళ్లకు దారి చూపించాకే పలుగు పడాలి.

ఇంకొక్క మాట, నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది. అంబర్‌పేట నుంచి పీర్జాదిగూడ వైపు మూసీ వెంట నడిచిన వాళ్లకు పారా గడ్డి తెలుసు. మురుగు నీటితో పెరిగి, మోపులుగా గేదెల దొడ్లకు వెళుతుంది. ఆ పాలు మన పిల్లలే తాగుతారు. లోహాలు పట్టిన జమ్ము కూడా అలా మేతగా పోకూడదు. రేపు పార్కులో జమ్ము కోసిన ప్రతిసారీ ఎన్ని మోపులు తీశారో, ఎక్కడికి పంపారో గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. దారిన పోయే ఎవరైనా ఆగి చదువుకునేలా, తెలుగులో, ఉర్దూలో.