నాలుగో నెల మందులు నడుస్తుంటే మిషన్‌లో మళ్లీ టీబీ కనబడింది, ఎందుకు?

యాంకర్: నమస్కారం. టీబీ క్రిమిని జన్యు పరీక్షతో ఎలా గుర్తుపడతారో చెప్పడానికి వరంగల్ నుంచి ఛాతీ వ్యాధుల డాక్టర్ గారు మన స్టూడియోకు వచ్చారు. పరకాల నుంచి ఎవరో లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

ఫోన్: నమస్తే సార్. మా నాయినకు సర్కారు దవాఖానల సీబీనాట్ అనే జన్యు పరీక్ష చేసి టీబీ అన్నరు. గోలీలు మొదలువెట్టి నాలుగో నెల నడుస్తాంది. దగ్గు పోయింది, బువ్వ మంచిగ తింటాండు. నాకే మనసున వట్టక మొన్న బయట పైసలు కట్టి మల్ల అదే పరీక్ష చేపిచ్చిన. టీబీ ఉన్నదనే అచ్చింది సార్. గోలీలు పనిచేస్తలేవు, బంద్ చేయుర్రి అంటాండ్లు ఇంటిపక్కోళ్లు.

డాక్టర్: ముందు ఇది చెప్పు తల్లీ. గోలీలు ఆపిండ్రా?

ఫోన్: నిన్న ఏసుకోలె సార్.

డాక్టర్: ఫోన్ పెట్టంగనే ఇయ్యాల్టి గోలీలు వేయించు. ఒక రోజు తప్పిందని సెంటర్లో కూడా చెప్పు, దాచొద్దు. రెండో నెల చివర తెమడ చూసిన్రా?

ఫోన్: చూసిన్రు. మైక్రోస్కోప్‌ల ఏం లేదన్నరు. నాలుగు కిలోలు పెరిగిండు గూడ.

డాక్టర్: మంచిది. మొన్నటి కాగితంల రిఫాంపిసిన్ అనే టీబీ మందు పేరుతోని ఒక వరుస ఉంటది, చూడు.

ఫోన్: రెసిస్టెన్స్ నాట్ డిటెక్టెడ్ అని ఉన్నది.

డాక్టర్: ఇగ విను. ఆ మిషన్ క్రిమిని చూడదు, క్రిమి డీఎన్‌ఏల ఒక చిన్న ముక్కను పట్టుకుంటది. దాన్ని కోట్ల కాపీలు చేసి, ఉన్నదో లేదో రెండు గంటల్ల చెప్తది. ఆర్‌పీఓబీ అనే జన్యువుల మార్పు వచ్చిందా అని కూడా చూస్తది. వస్తే రిఫాంపిసిన్ పనిచేయకపోవచ్చు. మీ నాయినకు ఆ మార్పు కనబడలేదు.

ఫోన్: మరి టీబీ ఉన్నదని ఎందుకచ్చింది సార్?

డాక్టర్: మీకు ఎవుసం ఉన్నదా?

ఫోన్: రెండెకరాలున్నది. పత్తి పెడ్తం.

డాక్టర్: విత్తనాలు ఉడకబెట్టినా అది పత్తిగింజేనని గుర్తుపడతవు గదా. మొలుస్తదా లేదా అన్నది తడిగుడ్డల కట్టి చూస్తెనే తెలుస్తది. జన్యు పరీక్ష గింజ ఏ రకమో చెప్తది, మొలకెత్తుతదా అన్నది దానికి తెలువదు. మందులకు చచ్చిన క్రిముల డీఎన్‌ఏ నెలలకొద్దీ తెమడల వస్తనే ఉంటది. నయమైనోళ్లల్ల కూడా కొందరికి ఏండ్ల తర్వాత కనబడ్డది. అందుకే మందులు నడిచేటప్పుడు ఈ పరీక్షతోని గుణం చూడం. మైక్రోస్కోప్‌తోని, కల్చర్‌తోని, అంటే తెమడల క్రిమి పెరుగుతదా అని పెంచి చూస్తం.

యాంకర్: కల్చర్‌కు చాలా రోజులు పడుతుంది కదా సార్?

డాక్టర్: పడుతది. మూత్రంల ఇన్‌ఫెక్షన్ తెచ్చే ఈ.కోలై ఇరవై నిమిషాలకోసారి రెండైతది. టీబీ క్రిమికి దాదాపు ఇరవై గంటలు కావాలె. అందుకే 6 వారాల దాకా ఆగాలె. నాకు కూడా ఆ ఆలస్యం కష్టంగనే ఉంటది. రోగి కళ్లల్లకు చూసి "ఆగుండ్రి" అనుడు అలక కాదు.

ఫోన్: అంటే నాయినకు ఏం లేనట్టేనా సార్?

డాక్టర్: అంత మాట ఫోన్లో అనలేను తల్లీ. ఐసోనియజిడ్ అనే ఇంకో టీబీ మందుకు మొండికేసిన క్రిమి ఉంటే, మామూలు సీబీనాట్ కాగితంల తెలువదు. కాట్‌జీ, ఇన్హెచ్ఏ అనే వేరే జన్యువులను లైన్ ప్రోబ్ అనే పరీక్షల చూస్తరు. జిల్లా టీబీ కేంద్రంల రెండు కాగితాలు చూపించి, కల్చర్ పంపుమని అడుగు. తెమడ పొద్దున లేవంగనే, లోపలి నుంచి దగ్గి తీసింది ఇయ్యాలె. ఉమ్మి కాదు. తిండికని సర్కారు ఇచ్చేటివి బ్యాంకుల నెలకు వెయ్యి పడుతున్నయా?

ఫోన్: ఒక్కసారే పడ్డయి.

డాక్టర్: అది కూడా అక్కడే అడుగు. గుడ్లకు, పప్పుకు పనికొస్తయి.

యాంకర్: జగిత్యాల నుంచి ఇంకొకరు. చెప్పండి.

ఫోన్: సార్, మా అన్నకు మైక్రోస్కోప్‌ల ఉన్నదన్నరు, ట్రూనాట్ అనే జన్యు పరీక్షల లేదన్నరు. ఏది నమ్మాలె?

డాక్టర్: రెండూ నిజమే కావచ్చు తమ్మీ. రంగు వేసి చూస్తే టీబీ క్రిమి, దాని చుట్టపు క్రిములు ఒక్కతీరుగ ఎర్రగనే కనబడతయి. ఆ చుట్టాలు మట్టిల, నీళ్లల్ల ఉంటయి. ట్రూనాట్ వెతికే ముక్క వాటిల ఉండదు. వాటికి మందులు వేరు, కొన్నిటికి ఏడాది పైన వాడాలె. ఒక్క సాంపిల్ చూసి మొదలుపెట్టేది కాదు. ఇంకో తెమడ కల్చర్‌కు ఇచ్చి, పెరిగినంక ఏ జాతో జన్యువులతోనే తేల్చాలె. అన్నకు మునుపు టీబీ వచ్చిందా?

ఫోన్: పదేండ్ల కింద అచ్చింది సార్, భీవండిల ఉన్నప్పుడు.

డాక్టర్: ఆ పాత ఎక్స్‌రే ఉంటే వెతుకు. దొరికితే అన్నతోని పంపు.