కూలర్ గడ్డి గురించి రెండు మాటలు

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. ప్రెసిడెంట్ గారు ఐదు నిమిషాలే అన్నరు, అందుకే స్టేజీ మీదున్నోళ్ల పేర్లు చదువుతలేను, ఏమనుకోకండి. ఈ వారం పది రోజులల్ల అందరం అటక మీదికెల్లి కూలర్లు దించుతం కదా, నా బాధ అదే.

మా పాపకు సిస్టిక్ ఫైబ్రోసిస్. పుట్టుకతోటే వస్తది, ఎవ్వరికీ అంటదు. తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి, రెండు జీన్లు చెడ్డయి కలిస్తేనే వస్తది, మా ఇద్దరికీ ఏ రోగం లేకపాయె, మాకేం తెలుసు. ఊపిరితిత్తులల్ల తెమడ బంక లెక్క చిక్కగైతది, చెమటల ఉప్పు ఎక్కువ పోతది. చిన్నప్పుడు ముద్దు పెట్టుకుంటే ఉప్పగున్నదని మా అమ్మ ఎన్నిసార్లన్నదో, మేం నవ్వినం. ఒక డాక్టరేమో తెమడ టెస్టు కూడా చేయకుండ ఎక్స్‌రే చూసి టీబీ అన్నడు. ఆరు నెలలు ఆ మూత్రం ఎర్రగ చేసే గోళీలు మింగించినం, యాదికొస్తే ఇప్పటికీ కడుపు మండుతది. చెమట టెస్టు, క్లోరైడ్ 60 దాటిందా లేదా, అదొక్కటి చేస్తే తెలిసిపోతుండె. చుట్టాలైతే ప్రతి మృగశిరకు నాంపల్లి చేపమందుకు పోదాం పా అంటరు, ఇది ఆస్తమా కాదని చెప్పి చెప్పి నోరు నొచ్చింది. సరే, కూలర్ కాడికొస్త.

పోయిన ఎండాకాలం పాపకు చల్లగుంటదని పాత కూలర్ నేనే మంచం పక్కన పెట్టిన. రెండేండ్ల కిందటి గడ్డి, మార్చలే. పదిహేను రోజులకు పిల్లికూతలు, తెమడల గోధుమరంగు ముక్కలు, రబ్బరు లెక్క. ఈ పిల్లలకు సూడోమోనాస్ బ్యాక్టీరియా మామూలే, అదే అనుకొని యాంటీబయాటిక్ నెబులైజర్ పెట్టినా తగ్గలే. రక్తంల ఐజీఈ, అంటే అలర్జీ ఉంటే పెరిగేది, చూస్తే వేలల్ల ఉన్నది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజంట. మనం కూడా రోజూ పీలుస్తనే ఉంటం, మన ఊపిరితిత్తులు ఊడ్చేస్తయి, పాపకేమో ఆ బంకకు అతుక్కొని మొలుస్తది, ఒళ్లు దానితోటి కొట్లాడి కొట్లాడి సొంత ఊపిరి గొట్టాలనే పాడుచేసుకుంటది. దీన్నే ఏబీపీఏ అంటరు. ఇన్ఫెక్షనా, అలర్జీనా అంటే రెండూ అనుకోండి. నెలలకొద్దీ స్టెరాయిడ్ వాడితే మొహం ఉబ్బి, బడిల పిల్లలు బన్ను అని పిలిచిండ్రు.

కూలర్ జాలీ విప్పి చూసిన. గడ్డి మీద నల్లగ, పచ్చగ పొర. వేలు పెడితే పొడి లేచింది. చల్లగుంటదని నేనే పెట్టిన కదా.

గడ్డి ఏటా మార్చండి అమ్మా, బిర్యానీ పైసలు కూడా కావు. పొద్దున టాంకు నీళ్లు ఒంపేయండి. ఇంకోటి, గేటు పక్కన ఆ మలబా. కూల్చిన గోడల దుమ్ముల కూడా ఇదే బూజు ఉంటది. మా కిటికీ దానిమీదికే, మూడు నెలల సంది మూసే ఉన్నది, పండుగ పూట కూడా పాప కిందికి రాలే. ప్రెసిడెంట్ గారు గంట కొడుతున్నరు... కొట్టండి సార్, ముందు మలబా ఎప్పుడు తీయిస్తరో తారీఖు చెప్పి కొట్టండి.