జాకీ లేపెతందుకే, మోసెతందుకు కాదు

(హనుమకొండలో ఒక కాలనీ దసరా వాహన పూజ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, కాలనీ అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు దండాలు. అందరి పేర్లు చదువుదామంటే, నాకిచ్చిన టైముల సగం శాలువాలకే పాయె. పేర్లు ఇడిసిపెడుతున్న, ఎవలేమనుకోవద్దు.

పొద్దుగాల నుంచి చూస్తున్న. ప్రతి బండికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ, టైర్ల కింద నిమ్మకాయలు. మంచిదే, నేను గుడ పెట్టిన. కానీ మన పోరగాళ్లు ఇప్పుడు ఫోన్ల వీడియోలు చూసి ఇంటికాన్నే ఆయిల్ మారుస్తున్నరు, బ్రేక్ ప్యాడ్లు ఇప్పుతున్నరు. నిమ్మకాయ పెట్టినోళ్లల్ల ఒక్కలన్న పని చేసేటప్పుడు టైరు దొర్లకుంట చెక్క దిమ్మ పెట్టంగ నేను చూడలే.

ఇంటికాడ పని చేసుకోవద్దని అంటలేను. చేసుకోండ్రి. కానీ డిక్కీల వచ్చే కత్తెర జాకీ రోడ్డు మీద టైరు మార్చెతందుకు ఇచ్చిన్రు. దాన్ని నమ్మి బండి కిందికి దూరెతందుకు కాదు. చిన్న కారు గుడ 8, 9 క్వింటాళ్లు తూగుతది. సీసా లెక్క నిలబడే బాటిల్ జాకీ అయినా, చక్రాల మీద జరిగే ట్రాలీ జాకీ అయినా, అండ్ల బరువును ఆపేది ఇంత ఆయిలు, దాన్ని కారకుంట పట్టి ఉంచే సీలు. సీలు అరిగిందా, బండి దిగుతది. చెప్పి దిగదు. అందుకే జాకీతోని లేపాలె, ఇనుప స్టాండ్ల మీద కూసోబెట్టాలె, అప్పుడు కిందికి పోవాలె.

స్టాండ్లు ఎందుకు సారూ, ఇటుకలున్నయి గదా అంటరు. ఇల్లు కట్టంగ మిగిలిన సిమెంటు బ్రిక్కులు ప్రతి గోడ పక్కన ఉన్నయి మరి! మనం రామప్ప పక్కన పుట్టినోళ్లం. 1213ల కట్టిన గుడి, 2021ల యునెస్కో గుర్తింపు ఇచ్చింది. నీళ్ల మీద తేలే ఇటుకలని చుట్టాలకు గొప్పగ చూపిస్తం. ఆ ఇటుకలు యాడ పెట్టిన్రు? పైన, శిఖరంల. కింద బరువు మోసేది రాయి. 800 ఏండ్ల కింద ఆ శిల్పులకున్న తెలివి మనకు లేకపాయె. ఇటుక వంగదు, ఒక్కపారే పలుగుతది. తప్పుకునే టైం ఇయ్యది.

ఇగ అసలు ముచ్చట. నేను పని నేర్చుకున్న మెకానిక్ షెడ్డు పేరు చెప్ప, ఆ ఉస్తాద్ పేరు గుడ చెప్ప. అక్కడొక పోరడు ఉండె, నాకన్న చిన్నోడు. బండి కింద దూరేది ఎప్పుడూ వాడే. ఎందుకు? సన్నగుంటడు కాబట్టి. ఒకనాడు బాటిల్ జాకీ మీద కారు లేపిన్రు. జాకీ చుట్టూ ఆయిలు చెమ్మ కనబడుతనే ఉన్నది. ఉస్తాద్ ‘రెండు నిమిషాల పనిరా, దూరు’ అన్నడు. వాడు దూరిండు. జాకీ జారింది.

వాడు బతికిండు. ఎట్లనంటే, దూరే ముందే, ఇప్పిన టైరు రోడ్డు మీదికి దొర్లిపోతదని వాడే దాన్ని పండబెట్టి బండి కిందికి నూకిండు. బాడీ వచ్చి ఆ టైరు మీద ఆగింది. భుజం నలిగింది గానీ పానం దక్కింది. అప్పటికి టీ తాగి వచ్చిన ఓనరు మొదట అడిగిన మాట ఏంటిదో ఎరుకేనా? ‘నా బండికేమన్న అయిందా?’

ఆ మాట ఇంకా నా చెవుల్ల ఉన్నది. అమ్మలారా, మీ బండి షెడ్డుకు పోయినప్పుడు ఒక్కసారి వంగి చూడండ్రి. స్టాండ్లు ఉన్నయా? కిందున్నది ఎంత వయసోడు? 14 ఏండ్లు నిండని పిల్లగాన్ని పనిల పెట్టుకునుడు నేరం. సర్వీసు చార్జీ కాడ వంద రూపాయలకు కొట్లాడుతం, ఇది మాత్రం అడగం!

చీటీ పంపిన్రు, టైం అయిపాయెనట. రెండు మాటలు చెప్పి దిగుత.

హ్యాండ్ బ్రేక్ వేసిన, ఇంకేం భయం అంటరు. చాలా కార్లకు అది వెనక టైర్లనే పట్టుతది. వెనక భాగం లేపినవా, అది గాలిల టైర్లను పట్టుకొని కూసుంటది. ముందు టైర్లకు అటూ ఇటూ దిమ్మలు పెట్టు, బండిని గేరుల ఉంచు. ముందు భాగం లేపితే దిమ్మలు వెనక టైర్లకు. ఇంటి ముందటి ర్యాంపు మీద మాత్రం లేపకు. ర్యాంపులు బండి లోపలికి ఎక్కెతందుకు కట్టుకున్నం, అవి షెడ్లు కావు. సమానంగున్న గట్టి నేల కావాలె. మట్టయితే మందం చెక్క పలక ఎయ్యి. నట్లు టైరు నేల మీదున్నప్పుడే కొంచెం వదులు చెయ్యి, దించినంక గట్టిగ బిగించు. జాకీ యాడ పెట్టాలెనో మాన్యువల్‌ల బొమ్మ ఉంటది, తలుపుల కిందంచుకు గుర్తుంటది. ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ కింద పెట్టినవో, అది పలుగుతది. స్టాండ్ల మీదికి దించినంక బండిని చేత్తోని ఊపి చూడు. కదిలిందా, మళ్ల లేపి సర్దు. ఇప్పిన టైరు గుడ బాడీ కిందనే పండబెట్టు.

సెక్రటరీ సాబ్, పూజ చందాల పైసలు మిగిలినయని ఇందాక మీరే మైకుల చెప్పిన్రు. ఒక ట్రాలీ జాకీ, నాలుగు స్టాండ్లు, నాలుగు దిమ్మలు కొందాం. వాచ్‌మన్ రూముల పెడదాం, తీస్కపోయినోళ్లు బుక్కుల సంతకం పెట్టాలె. ఒప్పుకునేటోళ్లు చేతులెత్తండ్రి. వెనక కుర్చీలోళ్లు గుడ! ఆ... అక్కలే ఎక్కువున్నరు. రాసుకోండ్రి సాబ్.