గోడ మీద పోస్టర్, ఇంట్లో గొడవ: తిరుపతి ఫోన్-ఇన్ నుంచి

యాంకర్: లైన్లో చిత్తూరు నుంచి ఒక అమ్మగారు ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే సార్, నమస్తే మేడం. మా వాడు తిరుపతిలో బీటెక్ చదువుతా ఉన్నాడు. మార్లిన్ మాన్సన్ అని అమెరికా రాక్ సింగర్ ఉన్నాడంట, మొహానికి తెల్లరంగు పూసుకుని పాడతాడు. ఇంట్లో వాడి గదిలో అంతా ఆయన పోస్టర్లే. మొన్న సెలవులకు వచ్చినప్పుడు మా పాప, ఇంటర్ చదువుతుంది, 'ఆడవాళ్లను హింస పెట్టినాడని అంతమంది చెప్తా ఉంటే ఆ బొమ్మ ఎందుకన్నా?' అనింది. అంతే. 'కేసు కొట్టేసినారు, తప్పు లేదని తేలిపోయింది. అన్నేళ్లు నోరు మూసుకుని ఇప్పుడెందుకు చెప్తారు?' అని ఎగిరినాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ పోస్టర్లు చించేయమంటారా మేడం?

కౌన్సిలర్: చించొద్దమ్మా. ఇంకోటి తెచ్చి అంటిస్తాడు. నాకైతే ఆ సంగీతం చెవికెక్కదు, అది వేరే సంగతి. మీ వాడు చెప్పింది మాత్రం సగమే నిజం. 2021 ఫిబ్రవరిలో నటి ఇవాన్ రేచెల్ వుడ్ ఆయన పేరు బయటపెట్టింది, ఏళ్ల తరబడి తనను హింసించాడని. ఇంకొందరు ఆడవాళ్లూ ముందుకొచ్చారు. రికార్డు కంపెనీ ఆ రోజే ఆయన్ను వదిలేసుకుంది. ఆయన అన్నీ అబద్ధాలన్నాడు. 2022లో ఆమె మీద పరువు నష్టం దావా వేశాడు. 2024లో దాన్ని వెనక్కి తీసుకుని, ఆమె లాయరు ఖర్చులకు 3 లక్షల డాలర్లకు పైగా కట్టడానికి ఒప్పుకున్నాడు. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ ప్రాసిక్యూటర్లు కేసు పెట్టడం లేదని చెప్పారు.

శ్రోత: వాడూ అదే అంటాడు మేడం.

కౌన్సిలర్: ఎందుకు పెట్టలేదో కూడా చెప్పారమ్మా. గృహహింస ఆరోపణలకు కేసు పెట్టే గడువు దాటిపోయింది. లైంగిక దాడిని అనుమానానికి తావు లేకుండా రుజువు చేయలేమన్నారు. కాబట్టి ఆయన నేరం చేశాడని మనం తీర్పు చెప్పలేం. తప్పు లేదని తేలిందనీ అనలేం, కోర్టులో క్రిమినల్ విచారణే జరగలేదు కదా. ఇక 'ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు' అంటారా, ఆ గడువు పెంచాలనే ఇవాన్ కాలిఫోర్నియాలో పోరాడింది. గృహహింస కేసులకు 3 ఏళ్లున్న గడువును 5 ఏళ్లు చేశారు, 2020 నుంచి అమలు. భయపడి ఆలస్యంగా చెప్పేవాళ్లు ఉంటారనే కదా చట్టం మార్చింది. మీ పాప ఎట్ల ఉంది?

శ్రోత: ఏమీ మాట్లాడదు మేడం. తినేసి గదిలోకి పోతుంది.

కౌన్సిలర్: నాకు టెన్షన్ ఆ పోస్టర్ గురించి కాదు, మీ వాడన్న ఆ 'ఇప్పుడెందుకు' గురించి. రేపు బస్సులోనో ట్యూషన్‌లోనో ఎవరైనా ఏమైనా చేస్తే ఆ పిల్లకు ముందు గుర్తొచ్చేది అదే. అన్నకు చెప్పదు, మీకూ చెప్పదు. ఈ రోజే పక్కన కూర్చోబెట్టుకుని, 'ఎప్పుడు చెప్పినా వింటాను, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడగను' అనండి. అంతకు మించి ఆరా తీయొద్దు. మన దగ్గర 3 ఏళ్లకు మించి శిక్ష పడే నేరాలకు గడువనేదే లేదని మీ వాడికీ చెప్పండి. పాటలు వినడం వాడిష్టం. చెల్లెలి ముందు ఆ మాట అనడం మాత్రం వాడిష్టం కాదు. అవసరమైతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.

శ్రోత: అట్లనే మేడం. వాణ్ణి కూడా ఒకసారి మీతో మాట్లాడించనా?

కౌన్సిలర్: వాడికి ఇష్టమైతేనే. బలవంతంగా ఫోన్ చేతిలో పెట్టొద్దు.

యాంకర్: తిరుపతి నుంచి ఒక విద్యార్థి.

శ్రోత: మేడం, ఇందాకటి నుంచి వింటున్నా. మాది కాలేజీ బ్యాండ్. ఫెస్ట్‌లో ఆయన పాట పెట్టుకున్నాం, ఇద్దరు వద్దంటున్నారు. కేసే లేదు కదా, ఇంకేం అభ్యంతరం?

కౌన్సిలర్: ఆర్. కెల్లీ అని ఇంకో గాయకుడు ఉన్నాడు నాయనా. 2008లో కోర్టు నిర్దోషి అని వదిలేసింది. వేరే కేసులో 2021లో దోషిగా తేలి, 2022లో 30 ఏళ్ల జైలు పడింది. ఇద్దరి కథా ఒకటే అనడం లేదు. కేసు లేదన్న ఒక్క కారణం పట్టుకుని స్నేహితుల నోరు మూయించొద్దంటున్నా. గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడం వేరు, స్టేజీ ఎక్కి చప్పట్లు కొట్టించడం వేరు. వద్దంటున్నది ఎవరు?

శ్రోత: డ్రమ్స్ వాయించే అమ్మాయి, ఇంకో అబ్బాయి.

కౌన్సిలర్: ఎందుకు వద్దో ఆ అమ్మాయిని అడిగారా?

శ్రోత: లేదు మేడం. ఓటింగ్ పెట్టినాం.

కౌన్సిలర్: ఓటింగ్ తర్వాత. ముందు అడగండి.

యాంకర్: పుత్తూరు నుంచి ఇంకో కాల్ ఉంది. హలో, చెప్పండి.