పెళ్ళి అప్పు ఎవరు కట్టాలి? స్టూడియో చర్చ

యాంకర్: వెల్కమ్ బ్యాక్. మేనేజర్ గారూ, పెళ్ళికి అప్పు కోసం మీ దగ్గరికొచ్చే వాళ్ళు ఎక్కువగా ఎవరండీ?

రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్: తండ్రులేనమ్మా. బ్యాంకులో కాగితాలు అడుగుతారు, బయటైతే ప్రోనోటు మీద సంతకం పెట్టించుకుని సాయంత్రానికి డబ్బు చేతిలో పెట్టేస్తారు, అందుకని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చేస్తారు, వినడానికి రెండే కదా! 3 లక్షలకి నెలకి 6,000, మూడేళ్ళలో 2,16,000 వడ్డీకే పోయింది, అసలు అసలే. అదే 14 శాతం పర్సనల్ లోన్ అయితే నెలకి 10,250 దాకా పడుద్ది, కష్టమే, కానీ మూడేళ్ళకి 3,70,000 లోపే అంతా తీరిపోద్ది.

యాంకర్: బాబూ, మాఘంలో మీ పెళ్ళి కదా, అమ్మాయికి మీ అప్పులు చెప్పారా?

పెళ్ళికొడుకు: చెప్పిన మేడం. రెండోసారి కలిసినప్పుడే ఆమె అడిగింది, ఈఎంఐలు ఏమున్నయ్ అని. బండిది ఉంది, క్రెడిట్ కార్డుది ఉంది, చెల్లె బీటెక్ ఫీజు నేనే కడుతున్న, అన్నీ ఫోన్ల చూపించిన. ఆమె కూడా పెళ్ళైనంక నెలకు 15,000 అమ్మానాన్నలకు పంపుత అన్నది, సరే అన్న. ఇది తెల్సి మా మేనత్త ఒకటే లొల్లి. జీతమెంతని అడగొచ్చంట, అప్పెంతని అడగొద్దంట!

(నవ్వులు)

మ్యారేజ్ బ్యూరో నిర్వాహకురాలు: ఆవిడని ఎందుకంటారు బాబూ, ఉన్నమాట చెప్తున్నా, అమ్మాయి జీతం పుట్టింటికి పోతుందని తెలిస్తే వెనక్కెళ్ళిన సంబంధాలు చాలా చూశాను.

అడ్వొకేట్: అబ్బాయి వాళ్ళమ్మకి పంపితే మాత్రం బుద్ధిమంతుడు! పెళ్ళైన కూతురైనా సొంత సంపాదన ఉంటే తల్లిదండ్రుల్ని చూడాల్సిందేనని 1987లోనే సుప్రీంకోర్టు చెప్పిందండీ. 2007 సీనియర్ సిటిజన్స్ చట్టంలో కూడా పిల్లలంటే కూతురూ ఉంది.

మేనేజర్: ఇంకోటి మేడం, పెళ్ళైన మూడో నెలకే కోడలి నెక్లెస్ గోల్డ్ లోన్‌కి తెస్తారు, పెళ్ళి అప్పు తీర్చాలని, అదీ మొగుడి పేరు మీద.

అడ్వొకేట్: అక్కడే వస్తుంది గొడవంతా. కేరళ కేసు ఒకటుంది, పెళ్ళికి పెట్టిన 89 సవర్ల బంగారం, మొదటి రాత్రే భర్త జాగ్రత్త చేస్తానని తీసుకుని వాళ్ళమ్మకిచ్చాడు, పాత అప్పులకి వాడేశారని ఆ భార్య కోర్టుకెళ్ళింది. 2024లో సుప్రీంకోర్టు 25 లక్షలు ఇమ్మంది. స్త్రీధనం, అంటే అమ్మాయికి పెట్టిన నగలూ కానుకలూ, ఉమ్మడి ఆస్తి కాదు, భర్త కష్టమొచ్చి వాడుకున్నా తిరిగివ్వాలి. అందుకే నగల బిల్లులు అమ్మాయి పేరు మీద తీసుకోండి, కానుకల లిస్టు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. 1985 నుంచీ ఈ లిస్టు రూల్ ఉంది, ఎవరు రాస్తున్నారు చెప్పండి, చదివింపుల పుస్తకం మాత్రం పక్కాగా రాస్తారు.

నిర్వాహకురాలు: లాంఛనాల దగ్గరే సగం సంబంధాలు చెడుతుంటే మళ్ళీ ఈ లిస్టులు, లోన్లు కూడానా అండీ?

మేనేజర్: చెడితే చెడనివ్వండమ్మా, తాంబూలాలకి ముందే కదా. హాలుకి అడ్వాన్సు కూడా కట్టి ఉండరు.