నాన్నగారి పాత ఆంప్లిఫయర్ అమ్మేయకండి

[దృశ్యం: దుమ్ము పట్టిన ఆంప్లిఫయర్, పక్కన రెండు చెక్క స్పీకర్లు]

నమస్తే అండి. విజయవాడ పటమటలో మా హాల్లోంచి మాట్లాడుతున్నాను. ఇంట్లో నెట్ నుంచి పాటలు మంచి సౌండుతో వినాలంటే అన్నీ కలిసిన ఒకే పెట్టె కొనాలా, విడివిడిగా కూర్చుకోవాలా?

ముందు లోపల ఏముంటుందో చూద్దాం. నెట్ నుంచి పాటను తెచ్చేది స్ట్రీమర్. అంకెల రూపంలో వచ్చే ఆ పాటను విద్యుత్ సిగ్నల్‌గా మార్చేది డాక్. దానికి బలమిచ్చేది ఆంప్లిఫయర్. ఆఖర్న స్పీకర్లు.

ఈ నాలుగింటి ఆయుష్షూ ఒకటి కాదండి, అసలు సంగతంతా ఇక్కడే ఉంది. మంచి స్పీకర్లు ఇరవై ఏళ్లయినా మోగుతాయి. స్ట్రీమర్ మాత్రం సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వచ్చినన్నాళ్లే. గూగుల్ క్రోమ్‌కాస్ట్ ఆడియో అనే చిన్న స్ట్రీమర్ 2015లో వచ్చింది, 2019కల్లా తయారీ ఆగిపోయింది. అది విడి బిళ్ల కాబట్టి, పాతబడితే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. అదే ఒకే పెట్టెలో కలిసిపోయి ఉంటే, బాగున్న స్పీకర్లు కూడా దాంతోపాటే మూలపడే ప్రమాదం ఉంది.

[దృశ్యం: సోఫా, ఎదురుగా దూరంగా రెండు స్పీకర్లు]

ఇంకొకటి. ఒకే పెట్టెలో కుడి, ఎడమ స్పీకర్లు జానెడు దూరంలో ఉంటాయి. విడిగా ఆరేడు అడుగుల ఎడంలో పెట్టి, ఎదురుగా అంతే దూరంలో కూర్చోండి. వయొలిన్ ఓ పక్కన, మృదంగం ఓ పక్కన, గొంతు నట్టనడుమ వినిపిస్తాయి. ఈ తేడా ఒక్కసారి వింటే చాలు, నాకు వెనక్కి వెళ్లబుద్ధి కాలేదు.

అయితే మా అమ్మకి నేనే ఒకే పెట్టె కొనిచ్చాను. 1948లో మొదలైన మన ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఇప్పుడు యాప్‌లోనూ వస్తోంది కదా, వంటింట్లో పొద్దున్నే ఆవిడకి అది మోగితే చాలు. అక్కడ నాలుగు వైర్లెందుకు?

ఏది కొన్నా వైఫైతో పనిచేసేదే తీసుకోండి. సీడీ నాణ్యతకు సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. ఎస్‌బీసీ అనే పద్ధతిలో పాటను కుదించి పంపే మామూలు బ్లూటూత్ సుమారు 330 దగ్గరే ఆగుతుంది. పైగా ఫోన్ వస్తే పాట ఆగిపోతుంది.

[దృశ్యం: ఆంప్లిఫయర్ వెనక భాగం, దగ్గరగా]

ఇంట్లో పాత ఆంప్లిఫయర్ ఉంటే వెనక్కి తిప్పి చూడండి. ఎరుపు, తెలుపు సాకెట్లు కనిపిస్తాయి. 'ఆక్స్' లేదా 'సీడీ' అని ఉన్నదాంట్లో స్ట్రీమర్ వైరు (డాక్ విడిగా ఉంటే డాక్ వైరు) పెట్టండి. 'ఫోనో' అని ఉన్నదాంట్లో పెట్టొద్దు. అది రికార్డు ప్లేయర్‌కి, మిగతావి పెడితే శబ్దం పగిలిపోతుంది.